బతికున్న డ్రైవుకు జనాజా చదవకండి



తెనాలిలో ఒక కంప్యూటర్ దుకాణం కుర్రాడు నా హార్డ్ డ్రైవును రెండు నిమిషాలు చూసి ఫైసలా చెప్పేశాడు. "పోయినట్టే అంకుల్. ఫార్మాట్ కొట్టేస్తే డ్రైవు మళ్లీ వాడుకోవచ్చు. లోపలిది మాత్రం రాదు" అన్నాడు. చెయ్యి అప్పటికే మౌస్ మీద ఉంది. "ఆగు బేటా" అని నేను అనకపోతే నొక్కేసేవాడే.

ఆ కుర్రాడి మీద నాకు గుస్సా లేదు. రోజుకు పదిమంది వస్తారు, అందరికీ తొందరే. నా గుస్సా ఆ మాట మీద. "గుర్తించడం లేదు" అని కంప్యూటర్ అంటే "చచ్చిపోయింది" అని మనం తర్జుమా చేసుకుంటున్నాం. వినపడని మనిషిని పిలిచి, పలకలేదని కఫన్ తెప్పిస్తామా? నబ్జు పట్టుకుని చూడమా?

ఆ డ్రైవులో ఏముందో చెబుతాను. రేపల్లె వైపు ఒక బుజుర్గు ఇంట్లో పాత నికాహ్ దఫ్తర్లు నాలుగు ఉండేవి. కొన్ని పేజీలు ఉర్దూలో, కొన్ని తెలుగులో, ఖాజీల చేతిరాత. మెహర్ ఎంత, వకీలు ఎవరు, గవాలు ఎవరు, అన్నీ ఉన్నాయి. చెదలు తినగా మిగిలిన పేజీలను కూర్చుని ఒక్కొక్కటీ ఫోటో తీశాను. ఆ తర్వాత రెండేళ్ల వానలకు ఆ ఇంటి కప్పు కారి అసలు దఫ్తర్లే ముద్దైపోయాయి. అంటే నకలు అనుకున్నదే ఇప్పుడు అసలు. అది ఒకే ఒక్క డ్రైవులో ఉంది. తప్పు ఎవరిది? నాది. ముందే ఒప్పుకుంటున్నాను, ఎందుకంటే కింద నేను తిట్టబోయేవాళ్లలో మొదటివాణ్ని నేనే.

దాంతో అవసరం ఎందుకొచ్చిందంటే, లంక గ్రామం నుంచి ఒక బేవా చెల్లెలు కబురు పెట్టింది. శోహర్ సర్కారీ నౌకరీ చేసి చనిపోయాడు. పెన్షన్ కాగితాల్లో ఆమె పేరు చివర బీ అని ఉంది, ఆధార్‌లో బేగం అని ఉంది, తండ్రి పేరు ఇంకోలా ఉంది. నువ్వే ఆమెవని రుజువేమిటి అన్నారు. "భాయీజాన్, మా నికాహ్ ఆ దఫ్తరులో రాశారట, మీ దగ్గర ఉందా?" అని అడిగింది. ఉందమ్మా అన్నాను. డ్రైవు పెట్టాను. లైటు ఒకసారి వెలిగి ఆరింది. టింగుమని చప్పుడు, మళ్లీ టింగుమని చప్పుడు. వస్తోంది, పోతోంది. చివరికి తెర మీద ఇంగ్లీషులో ఒక హుకుం: ఈ డిస్కును వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి, చేయమంటారా?

ఈ ప్రశ్న రాసిన వాళ్లను నిలబెట్టి అడగాలని ఉంది. కంప్యూటర్‌కు నిజంగా తెలిసింది ఒక్కటే, "నేను దీన్ని చదవలేకపోతున్నాను" అని. అంతవరకు చెప్పి ఊరుకోవాలి. వైరు చూసుకో, పోర్టు మార్చుకో అని చెప్పాలి. అది వదిలేసి చేతికి ఛురీ ఇస్తుంది. అదీ ఇంగ్లీషులో. మన ఇంట్లో అమ్మీకి, మదర్సా మౌల్వీ సాబ్‌కు, పదో తరగతి పిల్లకు ఆ వాక్యం మరమ్మత్తు లాగే కనపడుతుంది. ఫార్మాట్ మరమ్మత్తు కాదు. ఇల్లు బాగుచేయమంటే పట్టా చింపి కొత్త పట్టా రాయడం లాంటిది. త్వరగా చేసే ఫార్మాట్ అయితే లోపలి సరుకు చాలావరకు అలాగే ఉంటుంది, ఏది ఎక్కడుందో చెప్పే జాబితా పోతుంది. పూర్తి ఫార్మాట్ అయితే విండోస్ విస్టా కాలం నుంచి డిస్కు మొత్తం సున్నాలు రాసేస్తుంది. అప్పుడు హకీం లుఖ్మాన్ వచ్చినా ఇలాజ్ లేదు.

నేను డ్రైవును రుమాలులో చుట్టుకుని తెనాలి నుంచి బాపట్ల రైలెక్కాను. అక్కడ మా చెల్లెలి కొడుకు ఇంజనీరింగ్ చదువుతున్నాడు. వాడు ముందు వైరు తీసి పక్కన పారేశాడు. తన దగ్గరున్న పొట్టి వైరు పెట్టి, సీపీయూ ముందు వైపు కాకుండా వెనక వైపు పోర్టులో గుచ్చాడు. డ్రైవు తెరుచుకుంది. దఫ్తర్లు నాలుగూ ఉన్నాయి. "మామూ, డ్రైవు మంచిదే. దానికి కరెంటు చాలలేదు, అంతే" అన్నాడు. ఒక వైరు ఖరీదుతో తీరే మస్లాకు కబరు తవ్వబోయాం.

అందుకే ఈ తర్కీబు వరసగా రాస్తున్నాను. ఈ వరస తప్పవద్దు.

1. ముందు వైరు మార్చండి. చాలా పోర్టబుల్ డ్రైవులకు రెండు ముక్కలు పక్కపక్కన అతికినట్టుండే వెడల్పాటి ప్లగ్గు ఉంటుంది. లాగీ లాగీ అది వదులవుతుంది. మన బాపట్ల, రేపల్లె ఉప్పుగాలికి లోపలి రేకులు మసకబారతాయి. అలాంటి వైరు ఇంకోటి దొరక్కపోతే ఆ సాకెట్టు పెద్ద సగంలో పాత ఫోన్ల మైక్రో యూఎస్‌బీ వైరు పడుతుంది. నెమ్మదిగా అయినా పనిచేస్తుంది. చార్జింగుకు మాత్రమే పనికొచ్చే వైరైతే లాభం లేదు.

2. పోర్టు మార్చండి. యూఎస్‌బీ 2.0 పోర్టు 500 మిల్లీయాంపులు, 3.0 పోర్టు 900 మిల్లీయాంపులు ఇవ్వాలని లెక్క. లోపలి పళ్లెం తిరగడం మొదలయ్యే క్షణంలో డ్రైవుకు కరెంటు ఎక్కువ కావాలి. సీపీయూ ముందున్న పోర్టులు లోపల ఇంకో వైరు మీద ఆధారపడతాయి కాబట్టి వెనక వాటిని వాడండి. మధ్యలో హబ్బు పెట్టకండి. 3.5 అంగుళాల పెద్ద డ్రైవు అయితే దానికి 12 వోల్టుల సొంత అడాప్టరు ఉంటుంది, ముందు అది సరిగా పనిచేస్తోందో చూడండి.

3. ఇంకో కంప్యూటర్‌లో పెట్టి చూడండి. అక్కడ తెరుచుకుంటే జబ్బు డ్రైవుది కాదు, మీ కంప్యూటర్‌ది. అప్పుడు డివైస్ మేనేజర్‌లో పసుపు త్రికోణం ఉన్న యూఎస్‌బీ పరికరాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేసి, డ్రైవు తీసి, కంప్యూటర్ మళ్లీ ఆన్ చేసి గుచ్చండి. దీనివల్ల లోపలి ఫైళ్లకు ఏమీ కాదు.

4. చప్పుడు వస్తోంది కానీ మై కంప్యూటర్‌లో కనపడకపోతే, స్టార్ట్ బటన్ మీద కుడి క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. డ్రైవు అక్కడ ఆరోగ్యంగా ఉండి, దానికి అక్షరం మాత్రం లేకపోతే కుడి క్లిక్ చేసి డ్రైవ్ లెటర్ ఇవ్వండి. ఇంటికి నంబరు లేక పోస్ట్‌మ్యాన్ తిరిగి వెళ్లడం లాంటిదే ఇది.

5. అక్కడే "రా" అనో "నాట్ ఇనీషియలైజ్డ్" అనో కనపడితే చెయ్యి మౌస్ మీద నుంచి తీయండి. ఫార్మాట్, ఇనీషియలైజ్ రెండూ హరామ్ అనుకోండి. ఇక్కడ ఫత్వా ఇవ్వడానికి నేను ముఫ్తీని కాను, కానీ దెబ్బతిన్నవాణ్ని.

6. ఆ డ్రైవును ఎవరైనా మ్యాక్‌లోనో లినక్స్‌లోనో తయారు చేసి ఇచ్చారా అని అడగండి. మామూలు విండోస్ ఆ పద్ధతులను చదవలేదు, చదవలేక ఫార్మాట్ అడుగుతుంది. జబాన్ తెలియకపోతే జబ్బు అన్నట్టు.

7. టక్ టక్ మని లోపల కొట్టుకుంటే వెంటనే వైరు తీసేయండి. మళ్లీ మళ్లీ పెట్టి చూడకండి, ప్రతిసారీ లోపల గీత పడవచ్చు. డబ్బా విప్పకండి. కొన్ని డ్రైవుల్లో డబ్బాలోని చిన్న బోర్డే లోపలి రాతకు తాళం వేస్తుంది, డిస్కును బయటికి తీసి వేరే విధంగా తగిలిస్తే అంతా గందరగోళంగా కనపడుతుంది. అంత ముఖ్యమైన సరుకైతే ధూళి లేని గదిలో పనిచేసే రికవరీ నిపుణుల దగ్గరికే పోవాలి.

8. తెరుచుకుంటే మొదటి పని నకలు. చెక్‌డిస్క్ నడపడం, శుభ్రం చేయడం, ఫోల్డర్లు సర్దడం అన్నీ తర్వాత. చెక్‌డిస్క్ సరిచేసే పనిలో డిస్కు మీద రాస్తుంది, మరీజ్ నీరసంగా ఉన్నప్పుడు అది మంచిది కాదు. తెరుచుకోకపోతే లినక్స్‌లో డీడీరెస్క్యూతో డిస్కు మొత్తాన్ని యథాతథంగా ఇంకో డిస్కు మీదికి ఎత్తి, ఆ నకలు మీద టెస్ట్‌డిస్క్, ఫోటోరెక్ అనే సాధనాలు నడపాలి. మూడూ ముఫ్త్‌గా దొరుకుతాయి. తెలియకపోతే తెలిసిన పిల్లవాణ్ని పిలవండి, మన గల్లీల్లో ఇప్పుడు ఇంజనీరింగ్ పిల్లలకు కొదవ లేదు.

ఇల్మ్ సంగతి ఇది. ఇక మన గఫ్లత్ సంగతి.

డ్రైవు పోయిందని ఎవరికైనా చెబితే మనవాళ్ల నుంచి వచ్చే మొదటి మాట "కిస్మత్ భాయీ, అల్లా మర్జీ". ఈ మాట నాకు ఇష్టం లేదు. తక్దీర్ మీద నాకు ఈమాన్ ఉంది. కానీ తద్బీర్ చేయనివాడు తక్దీర్ పేరు ఎత్తకూడదు. ఒంటెను వదిలేసి తవక్కుల్ చేయనా అని అడిగిన మనిషికి, ముందు కట్టు, తర్వాత తవక్కుల్ చెయ్యి అని రసూలుల్లా సల్లల్లాహు అలైహి వసల్లం చెప్పినట్టు తిర్మిజీలో ఉంది. జుమా ఖుత్బాలో ఎన్నిసార్లు విన్నాం! విని ఇంటికొచ్చి ఒంటెను వదిలేస్తున్నాం.

ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్ ఏది? సూరె బఖరా 282. అది నమాజు గురించి కాదు, రోజా గురించి కాదు. అప్పును రాసుకోవడం గురించి. రాయండి, గవాలను పెట్టుకోండి, చిన్నదైనా పెద్దదైనా రాయడానికి బద్ధకించకండి అన్నది దాని సారాంశం. గవా ఒక్కడు చాలడని ఎందుకన్నారు? ఒకరు మరిచిపోతారు, ఒకరు పోతారు. ఒకే డ్రైవులో ఉన్న రికార్డు గవా లేని దస్తావేజు లాంటిది. ఇది నా ఖియాస్, ఆలిములు సరిదిద్దితే సరిదిద్దుకుంటాను.

యమామా జంగ్‌లో ఖుర్ఆన్ కంఠస్థం ఉన్న హాఫిజులు చాలామంది షహీద్ అయ్యారు. హజ్రత్ ఉమర్ రజియల్లాహు అన్హు భయపడి ఖలీఫా హజ్రత్ అబూబకర్ రజియల్లాహు అన్హు దగ్గరికి వెళ్లి, ఖుర్ఆన్‌ను ఒకచోట రాయించండి అన్నారు. జైద్ బిన్ సాబిత్ ఆ పని చేశారు. తర్వాత హజ్రత్ ఉస్మాన్ రజియల్లాహు అన్హు నకళ్లు రాయించి వేర్వేరు షహర్లకు పంపారు. అల్లా తానే హిఫాజత్ చేస్తానన్న కితాబు విషయంలో కూడా సహాబాలు చేతులు కట్టుకుని కూర్చోలేదు. ఒకే చోట ఉంచలేదు. మరి మన మసీదు కమిటీల లెక్కలు, ఖబరస్తాన్ నక్షా, నికాహ్ దఫ్తరు ఒక బీరువాలోనో, ఒక ముతవల్లి సాబ్ కొడుకు లాప్‌టాప్‌లోనో ఉంటే చాలా?

దీనికి ఇప్పుడు తొందర కూడా ఉంది. 2025లో వక్ఫ్ చట్టం మారింది. ఆ జూన్ 6న ఉమీద్ పోర్టల్ తెరిచి, రిజిస్టరైన వక్ఫ్ ఆస్తుల వివరాలు ఆరు నెలల్లో అందులో ఎక్కించమన్నారు. ఆ చట్టం మీద మీ రాయ్ ఏదైనా కావచ్చు, నాకూ నా రాయ్ ఉంది. కానీ అదాలత్‌లో అయినా కచేరీలో అయినా కొట్లాడాలంటే చేతిలో కాగితం ఉండాలి. "ఉండేది సాబ్, డ్రైవు పోయింది" అంటే ఏ హాకీమూ వినడు. దస్తావేజు, దాఖలా, జాబితా, రుజువు, వకీలు, ఫైసలా అని తెలుగు కచేరీకి ఇన్ని మాటలిచ్చిన మన జబాన్ వాళ్లమే కాగితం దాచుకోలేకపోతే షరమ్ ఎవరికి?

ఇద్దరు ఎదురు చెబుతారని నాకు తెలుసు. ఒకరు "ఖర్చు" అంటారు. వలీమాకు డ్రోన్ తెచ్చి వీడియో తీయిస్తాం, బిర్యానీ డేగ్చాలు లెక్కపెట్టం. నికాహ్ రాసిన దఫ్తరుకు రెండో నకలు తీయడానికి జేబు తడుముకుంటాం. ఇంకొకరు "క్లౌడ్‌లో పెట్టెయ్యండి మామూ, అంతా సేఫ్" అంటారు. పెట్టండి, మంచిదే. కానీ అది ఇంకో నకలు, అంతే. పాస్‌వర్డ్ తెలిసిన మనిషి ఇంతెకాల్ అయితే ఆ క్లౌడ్ తాళం ఎవరు తీస్తారు? ఖాతా మూసుకుపోతే ఎవరి గడప ఎక్కుతారు?

తెనాలి నుంచి రేపల్లె వెళ్లే రైలు దారిలో భట్టిప్రోలు వస్తుంది. 1892లో అలెగ్జాండర్ రీ అక్కడి బౌద్ధ స్తూపం తవ్వితే రాతి పేటికలు, వాటి మీద రెండు వేల ఏళ్లు దాటిన బ్రాహ్మీ అక్షరాలు బయటపడ్డాయి. బ్యూలర్ అనే పండితుడు వాటిని చదివాడు. అందరూ గర్వంగా చెప్పుకునే కథ ఇది. కానీ రీ రాకముందు జరిగింది తక్కువ మంది చెబుతారు. ఆ స్తూపం ఇటుకలను రోడ్డు వేయడానికి, పాలరాళ్లను కాలువ కట్టడానికి తరలించేశారు. ఆ తీసుకెళ్లిన రాళ్ల మీద ఏముందో ఇక ఎవరికీ తెలియదు. తరలించినవాళ్లు దుర్మార్గులు కారు. "ఇదేమిటో అర్థం కావడం లేదు, ఖాళీ చేస్తే సామాను పనికొస్తుంది" అనుకున్నారు. తెనాలి దుకాణంలో నేను విన్నది సరిగ్గా అదే మాట. చదవలేకపోవడం మన కమ్‌జోరీ. దానికి శిక్ష రాతకు వేయకూడదు.

రాత దాచే తీరు గురించి ఇంకొక్క మాట. డ్రైవు తెరుచుకున్నా లోపలి అక్షరం తెరుచుకోకపోవచ్చు. నా పాత తెలుగు వ్యాసాలు అను ఫాంట్లలో ఉన్నాయి, ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో పిచ్చిగీతలే. ఉర్దూ పోస్టర్లు, దావత్‌నామాలు పాత ఇన్‌పేజ్ ఫైళ్లలో ఉన్నాయి, ఆ సాఫ్ట్‌వేర్ లేకపోతే తెరుచుకోవు. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే చోటు ఉంది, ఉర్దూ అక్షరాలకూ ఉంది. నకలు తీసేటప్పుడే యూనికోడ్‌లోకి మార్చి పెట్టండి. లేకపోతే మన పోతాలు కూడా ఒక బ్యూలర్ కోసం ఎదురుచూడాలి.

నా దరఖాస్తు ఇది. తెనాలి, బాపట్ల, రేపల్లె జమాత్‌లు మూడూ ఒక సమఝోతాకు రావాలి. ఒక్కో ఊరి రికార్డు మూడు ఊళ్లలోనూ ఉండాలి. మూడు డ్రైవులు, వేర్వేరు కంపెనీలవి, వేర్వేరు సంవత్సరాల్లో కొన్నవి. పెన్ డ్రైవుల్లో ఏళ్ల తరబడి దాచవద్దు, అది మోసుకెళ్లడానికే గాని దాచుకోవడానికి కాదు. మూడు ఊళ్లు ఎందుకంటే, 1977 నవంబరు 19 ఉప్పెన ఎవరిని వదిలింది? 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. 2024 సెప్టెంబరులో కృష్ణ వరద రేపల్లె వైపు లంకలను ముంచింది. నీళ్లు ఒక ఊరికి వస్తే ఇంకో ఊళ్లో నకలు ఉండాలి. ఆరు నెలలకోసారి, రంజాన్ ముందు ఒకసారి, ఆ తర్వాత ఆరో నెలలో ఒకసారి, ప్రతి డ్రైవునూ తెరిచి చూడాలి. తెరవని నకలు నకలు కాదు, అది ఉమ్మీద్ మాత్రమే. పాస్‌వర్డు ముగ్గురి దగ్గర కాగితం మీద ఉండాలి. ఇతరుల నికాహ్ వివరాలు మన దగ్గర అమానత్. వాటిని వాట్సాప్ గ్రూపుల్లో పంచితే ఖయానత్.

నేను నా వంతు మొదలుపెట్టాను. బాపట్లలో ఆ రాత్రే రెండు నకళ్లు తీశాం. ఒకటి మేనల్లుడి దగ్గర, ఒకటి తెనాలిలో. మూడోది రేపల్లెలో ఎవరు ఉంచుకుంటారో ముందుకు రండి.

ఆ చెల్లెలి నికాహ్ మూడో దఫ్తరులో దొరికింది. పేరు, తండ్రి పేరు, మెహర్, ఇద్దరు గవాల సంతకాలు. ఒక గవా సంతకం తెలుగులో, ఒకటి ఉర్దూలో. కాగితం తీసి పంపాను. కచేరీ వాళ్లు ఒప్పుకుంటారో లేదో ఇంకా తెలియదు, తిరుగుతోంది. కానీ ఆమె ఖాళీ చేతులతో తిరగడం లేదు. ఆ రోజు తెనాలిలో ఆ ఒక్క క్లిక్ పడి ఉంటే ఆమెకు నేను ఏం జవాబు చెప్పేవాణ్ని? కిస్మత్ అమ్మా అనేవాణ్నా?

కంప్యూటర్ "ఫార్మాట్ చేయమంటారా" అని అడిగితే "వద్దు" అనండి. ముందు వైరు మార్చండి.

ఖుదా హాఫిజ్.